యాది సెంటర్ సందులో చెప్పుల జత

పోశవ్వ జగిత్యాల టవర్ దగ్గర ఆటో దిగి, మెట్లెక్కి, ప్రేమలత ఆఫీసు గుమ్మంలో నిలబడేసరికి ఆమెకు మాట రాలేదు, ఆయాసమే వచ్చింది. చేతిలో గుడ్డ చుట్టిన స్టీలు డబ్బా ఉంది. చంటిపిల్లను పట్టుకున్నట్టు దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుంది. దివాకర్ కుర్చీ జరిపి మంచినీళ్లిస్తే, డబ్బా కింద పెట్టకుండానే తాగింది.

“ఈడ ఆడమనిషి ఒకామె దొంగలను దొరకవడుతదట కదా కొడుకా. గామె ఉన్నదా?”

“ఉన్నది పెద్దవ్వా. గామెనే మా అక్క. ముందుగాల నువ్వు ఊపిరి తీసుకో.”

ప్రేమలత లోపలి గదిలోంచి పల్లికాయలు ఒలుచుకుంటూ వచ్చింది. పొట్టు కింద పడేయదు, కొంగున మూట కట్టుకుంటుంది. బీమా కంపెనీలో చేసినన్నాళ్లూ ఆమె పని ఒకటే: చచ్చాడన్నవాడు నిజంగా చచ్చాడా, కాలిన కొట్టు దానంతటదే కాలిందా అని తేల్చడం. ఆ ఉద్యోగం వదిలాక సొంతంగా ఈ ఆఫీసు పెట్టుకుంది. ఎక్కువగా గల్ఫ్ పెళ్లికొడుకుల సంగతులు కనుక్కోవడమే. మస్కట్‌లో కారు తోలి తోలి ఇల్లు చేరిన దివాకర్ ఇప్పుడు ఆమె కారు తోలుతున్నాడు. లోకమంతా చూసినదాన్నే అక్క కూడా చూస్తుంది, కాకపోతే అందరూ కళ్లు తిప్పుకున్నాక ఇంకొంచెం సేపు చూస్తుంది అని అతను మెట్‌పల్లిలో ఇంట్లోవాళ్లకు చెప్తుంటాడు.

“ఏమైంది అవ్వా?” అంది ప్రేమలత, పక్కన కూర్చుంటూ.

పోశవ్వ చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఆమె కొడుకు సతీశ్ కోరుట్లలో ‘యాది’ అనే వర్చువల్ రియాలిటీ సెంటర్‌లో పని చేస్తాడు. అక్కడ కళ్లకు ఒక పెట్టె కడతారు. కడితే పోయినవాళ్లు ఎదురుగా వచ్చి నిలబడతారు, నవ్వుతారు, మాట్లాడతారు. దుబాయిలో పోయినవాడి శవం చూడనివాళ్లు, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఊళ్లూళ్లనుంచి వస్తారు. నిన్న మధ్యాహ్నం సిరిసిల్ల నుంచి వచ్చిన విలేకరి వనిత, ముఖానికి ఆ పెట్టెతోనే డాబా మీంచి పక్క సందులో పడింది. కరీంనగర్ ఆసుపత్రిలో ఒంటిమీద తెలివి లేకుండా ఉంది.

“మావోడే పెట్టె కట్టి అంచుదాక నడిపిచ్చిండని ఎస్సై అంటున్నడు. మొన్ననే గా పిల్లమీద మొత్తుకున్నడట, మా పొట్టమీద కొట్టేటట్టు పేపర్ల రాస్తవా అని. మొత్తుకున్నోడు తోస్తడా బిడ్డా? రేపు కోర్టుకు పంపుతమన్నరు. కోర్టుకు పోతె మళ్ల ఎప్పుడస్తడు?”

“నీకు ఇంకెవలున్నరు?”

“ఎవలున్నరు. మా లస్మయ్య తాడిచెట్టు మీదికెల్లి పడి పాయె. మావోడు అన్నడు, ‘అవ్వా, బాపును నీకు పైసల్లేకుంట సూపిస్త’ అని. నేను వద్దన్న. ఆయన చెట్టెక్కుడు, దిగుడు దినాం సూసిన. ఒకనాడు దిగలే. గంతే. దిగనోన్ని మళ్ల దించుడెందుకు?”

ప్రేమలత చేతిలోని పల్లికాయ ఒలవడం ఆపింది. “డబ్బల ఏముంది?”

“సర్వపిండి. మావోనికి పానం. ఠాణల ఇయ్యనియ్యలే.”

ప్రేమలత లేచి చీర కొంగు సర్దుకుంది. “దివాకరా, బండి తియ్యి. అవ్వా, నువ్వు గూడ రా.”

*

కోరుట్ల బజారులో ఆ ఇల్లు వెతకాల్సిన పని లేదు. కింద బట్టల దుకాణం, దాని మీద శశిధర్ రావు గారి కాపురం, ఆ పైన డాబాలో సగం అద్దాల గది. అదే యాది సెంటర్. మిగతా సగం ఆరుబయలు. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు అక్కడ ఆరబోసి ఉన్నాయి. గదికి ఆరుబయలు వైపున్న తలుపు తీస్తే అడుగు పడేది పసుపు మీదే. అటు అంచున పిట్టగోడ మోకాళ్లు దాటదు.

సందులో చాయ్ అమ్మే పుష్పను ముందు అడిగారు. ఆమె కొట్టు పైన రేకులు వేసి ఉన్నాయి. ఒక రేకు మధ్యకు సొట్టబోయింది. వనిత ఆ రేకు మీద పడి, జారి, నేల మీదికి వచ్చింది. అందుకే ప్రాణం మిగిలింది.

“నేను ముంగట దుకాణంల చాయ్ ఇయ్యవోయిన. రేకు దబ్బుమన్నది. కోతులు దుంకినయనుకున్న. దినాం దుంకుతయి ముండలు, పాలగిన్నె పారవోసి పోతయి. అందరికి చాయ్ పోసి, గిలాసలు ఏరుకొని నిమ్మళంగ అచ్చిన. అచ్చి సూస్తె పిల్ల.”

“పెట్టె ముఖానికే ఉన్నదా?”

“ఉన్నది. మంచిగ కట్టినట్టే ఉన్నది.”

“కాళ్లకు చెప్పులు?”

పుష్ప కొంచెం ఆలోచించింది. “కాళ్లకు లేవక్కా. పక్కపొంటి గోడకు పెట్టి ఉన్నయి. రెండు ఒక్కతీరుగ. గుడికాడ ఇడిసినట్టు.”

“ఎవలు పెట్టిన్రు?”

“నేనైతె ముట్టలే. నేను అచ్చేటాళ్లకే గట్లున్నయి.”

దివాకర్‌కు ఇందులో వింతేమీ కనిపించలేదు. పడిపోయినవాళ్లకు ఎవరో ఒకరు చెప్పులు తీస్తారు, గాలి తగలనీయమంటారు. ప్రేమలత మాత్రం గోడవారగా ఆ జాగాను చూస్తూ ఉండిపోయింది.

పైన మెట్ల వైపు తలుపు దగ్గర చెప్పుల స్టాండు ఉంది. దాని మీద వచ్చినవాళ్ల చెప్పులు ఒద్దికగా పెట్టి ఉన్నాయి. లోపల అర్జున్ రావు నల్లబూట్లతో తివాచీ మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముప్ఫై ఏళ్లవాడు. మాటకు ముందు ఫోను చూసుకునే రకం.

“పోలీసులకు అంతా చెప్పిన మేడం. నేను మెట్‌పల్లిల ఉన్న, పెండ్లికి పోయిన. సతీశ్‌గాడు ఇన్వర్టర్‌ల పోసే నీళ్లకు బజారుకు పోయిన్నంటడు. ఎవడు చూసిండు?”

“వనితను మీరు గూడ బెదిరించిన్రట.”

“బెదిరించిన. దావా ఏస్త అన్న. పేపర్ల మా బతుకు తీస్తనంటె ముద్దు పెట్టుకుంటరా?”

ప్రేమలత నవ్వలేదు. స్టాండు వైపు చూపించింది. “మీరు చెప్పులు ఇడిపిస్తరా అందరితోని?”

“నేనెందుకు ఇడిపిస్త? ఇదేమన్న గుడా? జనమే ఇడుస్తరు. లోపల పెద్దమనుషులు ఉన్నరు, చచ్చినోళ్లు ఉన్నరు అంటరు. చెప్తె ఇనరు, ఇగ స్టాండు పెట్టిన. నేను బూట్లు ఇడువ. సతీశ్‌గాడు గూడ రబ్బరు చెప్పులు ఇడువడు, వైర్లల్ల షాక్ కొడుతదని వానికి భయం.”

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. అర్జున్ రావు పెదనాన్న శశిధర్ రావు వచ్చాడు. తెల్లటి పంచె, ఉతికిన చొక్కా. ఒకప్పుడు నిండుగా ఉన్న మనిషే అయి ఉండాలి, చొక్కా భుజాలు దిగిపోయి ఉన్నాయి. చేయి ఎత్తి నమస్కారం పెడితే గడియారం మణికట్టు నుంచి మోచేతి దాకా జారింది. చెప్పులు విడిచి, వంగి, స్టాండులో జతగా సర్ది లోపలికి వచ్చాడు.

“నిన్న మధ్యాహ్నం మీరు ఏడున్నరు సార్?”

“కింద. పడుకున్న. నాకేం తెల్వదమ్మా.” ఆయన గొంతు మెత్తన. “జర తొవ్వ ఇస్తరా? మా శ్రుతి అస్తది.”

శ్రుతి ఆయన ఒక్కగానొక్క కూతురు. హైదరాబాదులో చదువుకుంటూ జ్వరమొచ్చి, ఈయన బస్సు దిగేలోపే పోయింది. తమ్ముడి కొడుకని ఇచ్చాడో, అద్దె డబ్బుల కోసమో అనుకుంటారు ఎవరైనా, కానీ అర్జున్ రావుకు ఈయన డాబా ఇచ్చింది ఆ పిల్ల కోసమే. మూలనున్న కుర్చీలో కూర్చుని, ఆయన పెట్టె కళ్లకు పెట్టుకున్నాడు. కాసేపటికి చేయి ముందుకు చాచాడు. గాల్లో, ఎదిగిన ఆడపిల్ల తల ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున, ఆ చేయి మెల్లగా నిమురుతూ ఉంది.

దివాకర్ ముఖం తిప్పుకున్నాడు. తాను మస్కట్‌లో ఉన్నప్పుడే అతని తండ్రి పోయాడు. ఫోనులో నాన్న వీడియోలు ఇంకా ఉన్నాయి. నాన్నను పెట్టెలోకి రప్పించడానికి అవి సరిపోతాయేమో అన్న ఆలోచన ఒకటి చీమలా లోపల పాకింది.

ఠాణాలో ఎస్సై గోవర్ధన్ చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. వనిత చెప్పులు బల్ల మీద పెట్టి చూపించాడు. ప్రేమలత వాటిని తిరగేసింది. అడుగున గీతల్లో పసుపు ముద్దలు గట్టిపడి ఉన్నాయి.

“డాబా మీద ఎవలు నడిచినా పసుపే మేడం. మేము నలుగురం తిరిగినం, మావాటికి గూడ అంటింది,” అన్నాడు ఎస్సై.

“నిజమే సార్. ఇవి ఎవలు ఇడిపిచ్చిన్రు?”

“గుంపుల ఎవలో. ఫోనే దొరకలే. దానికోసం చూస్తున్నం.”

“రేపు పొద్దున సతీశ్‌ను తీసుకొని యాది సెంటర్‌కు వస్తరా? కోర్టుకు పంపే ముందు ఒక్కసారి.”

ఎస్సై గడ్డం గోక్కున్నాడు. ప్రేమలత బీమా కంపెనీలో ఉన్నప్పటి పేరు అతనికి తెలుసు. “ఒక్కసారే మేడం,” అన్నాడు.

*

సిరిసిల్లలో వనిత అక్క రాధ ఇల్లు కనుక్కోవడానికి దివాకర్ మూడు సందులు తిరిగాడు. మరమగ్గాల సాంచల చప్పుడుకు తలుపు కొట్టిన సంగతి లోపలివాళ్లకు వినిపించదు. రాధే బయటికి వచ్చింది. ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చి, మళ్లీ పోవడానికి సంచి కడుతోంది. ఇంట్లో మగ్గం ఆగలేదు, ఆగితే ఆనాటి పని ఆగినట్టే.

“మా చెల్లెకు గా పెట్టె అంటేనే పడదు అక్కా,” అంది రాధ. “మొదలు పోయిననాడు పెట్టుకున్నది. అట్ల పెట్టుకున్నదో లేదో కడుపుల తిప్పి, ఇంటికచ్చి గూడ వాంతులే. ‘చచ్చినా మళ్ల కండ్లకు పెట్టుకోనే’ అన్నది. చూసినోళ్లనే అడిగి రాస్త అన్నది.”

“ఏం రాద్దామనుకున్నది?”

“వీర్నపల్లి దిక్కు ఒకామె ఉన్నదక్కా. పెనిమిటి గల్ఫుల పోయిండు, శవం రాలే. పెట్టెల మొగన్ని చూసి చూసి, ఆయన చావలేదని కూసున్నది. పిల్లలు ఆకలిగొని ఏడిస్తె ‘మీ బాపు అస్తడు, అచ్చినంక తిందం’ అంటదట. గామెను చూసినకాన్నుంచి మా వనితకు నిద్ర లేదు. గా మాటలన్ని సెంటర్ల పోరడు కూసుండి రాసేటియే అని ఆమెకు తెలిసింది. నిన్న కోరుట్లకు పోయింది గూడ అందుకే. ‘ఒక పెద్దాయన ఉన్నడే, తిండి మరిచిండు, ఎండిపోయిండు. రాసేముందు ఆయనతోని ఒక్కసారి మాట్లాడాలె, పేపర్ల చూసి తెలుసుకుంటె గుండె ఆగుతది’ అన్నది.”

“అర్జున్ రావు ఫోన్ చేసిండా?”

“చేసి తిట్టిండు. ఇది నవ్వి పెట్టేసింది.”

“ఆసుపత్రిల కాళ్లు ఎవలు కడిగిన్రు?”

రాధ ఆశ్చర్యంగా చూసింది. “కడుగుడెందుకక్కా? నేనే తడిగుడ్డ తీసుకున్న తుడుద్దామని. అరికాళ్లు తెల్లగ ఉండె. దుమ్ము గూడ లేదు.”

తిరిగి వస్తుంటే ప్రేమలత మళ్లీ పల్లికాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. కారు వేములవాడ దాటాక దివాకర్ ఉండబట్టలేకపోయాడు.

“అక్కా, ఒక మాట. మా బాపును గట్ల చేయిస్తె తప్పా?”

“తప్పని నేనెట్ల అంట తమ్మీ. నీకు ఏం కావాలె, ఆయన ముఖం సూడాలెనా, మాట ఇనాలెనా?”

“తిట్టిచ్చుకోవాలె,” అన్నాడు దివాకర్. “పోయేటప్పుడు రాలేదని మా బాపు నన్ను తిట్టాలె. తిట్టకుండనే పోయిండు.”

“పెట్టెలోళ్లు తిట్టరు దివాకరా. వచ్చినోళ్లు మళ్ల రావాలె కదా.” కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. “రేపు చెప్పులు కాదు, బూట్లు ఏసుకొని రా.”

ఎందుకని అతను అడగలేదు. అక్క చెప్పిందంటే చాలు.

*

మరునాడు పొద్దున యాది సెంటర్‌లో అందరూ చేరారు. ఎస్సై గోవర్ధన్, అతని పక్కన నిద్రలేని కళ్లతో సతీశ్. సతీశ్‌ను చూడగానే పోశవ్వ, పొద్దున్నే మళ్లీ చేసి తెచ్చిన సర్వపిండి డబ్బా పట్టుకుని లేచింది, కానిస్టేబుల్ ఆగమంటే మళ్లీ కూర్చుంది. పుష్ప చాయ్ కేటిల్‌తోనే వచ్చింది. అర్జున్ రావు బల్లకు ఆనుకొని నిలబడ్డాడు.

“ఎవలు చెప్పులు ఇడువకుర్రి, జల్దీ అయిపోతది,” అంది ప్రేమలత తలుపు దగ్గరే. అందరూ అలాగే లోపలికి వచ్చారు. శశిధర్ రావు మాత్రం విన్నాడో లేదో, విడిచి, జతగా పెట్టి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

“ముందు ఒక మంచి మాట. వనిత తెల్లారంగ కండ్లు తెరిచిందట. మాట ఇంకా రాలే.” గదిలో ఊపిరులు కదిలాయి. “ఆమె ఎట్ల పడ్డదో మనం ఒకసారి చూద్దం. దివాకర్ వనిత అనుకోండ్రి. సతీశూ, పెట్టెలు అన్ని చార్జింగుల ఉన్నయా?”

“ఒక్కటే ఉన్నది మేడం. పెద్దసారుది. శ్రుతక్కది.”

“గదే పెట్టు.”

దివాకర్ గది మధ్యలో నిలబడ్డాడు. దుమ్ముపట్టిన బూట్లు తివాచీ మీద మచ్చలు పెట్టాయి. సతీశ్ మీటలేవో నొక్కి పెట్టె తెచ్చాడు. అది దివాకర్ నుదుటి దాకా రాగానే కుర్చీ కిర్రుమంది.

శశిధర్ రావు లేచి నిలబడ్డాడు. “బాబూ, బూట్లు. బూట్లు ఇడువు.”

“పర్వలేదు సార్, ఒక్క నిమిషమే,” అంది ప్రేమలత.

“ఒక్క నిమిషమైతేంది? లోపల పిల్ల ఉన్నది.” ఆయన గబగబా వచ్చాడు. వంగి, తన చేతులతోనే దివాకర్ బూటు లేసులు విప్పడం మొదలుపెట్టాడు. దివాకర్ సిగ్గుతో కాలు వెనక్కి తీసుకోబోయాడు, ఆయన వదల్లేదు. బూట్లు రెండూ తీసి, గోడవారగా పెట్టి, ముందుభాగాలు సమానంగా జరిపాడు.

పుష్ప చేతిలో కేటిల్ మూత టింగుమంది. ఆమె ఆ బూట్లనే చూస్తోంది.

“సతీశూ, పెట్టె పక్కకు పెట్టు,” అంది ప్రేమలత నెమ్మదిగా. “దాని అవసరం తీరింది. ఎస్సై సార్, ఇగ నేను చెప్త, మీరు తప్పుంటె ఆపుర్రి.”

ఆమె గొంతు పెంచలేదు.

“వనితకు పెట్టె పెట్టుకుంటె వాంతులైతయి. చచ్చినా పెట్టుకోనని అక్కకు చెప్పింది. సరే, పెట్టుకున్నదే అనుకుందం. ఈడ చెప్పులు స్టాండుల ఇడువాలె, ఉత్త కాళ్లతోని లోపలికి రావాలె, ఉత్త కాళ్లతోనే పసుపుల నడిచి అంచుకు పోవాలె. అరికాళ్లు పచ్చగ కావాలె. రాధ తడిగుడ్డతోని తుడువబోతె తెల్లగ ఉన్నయి. పసుపు ఉన్నది చెప్పుల కింద. అంటె వనిత చెప్పులతోని, కండ్లు తెరుచుకొని డాబా మీద నడిచింది. పెట్టె ఆమె పడ్డంక ముఖానికి వచ్చింది.”

ఎస్సై సతీశ్ వైపు, మళ్లీ ఆమె వైపు చూశాడు.

“పుష్ప కోతులనుకొని నిమ్మళంగ వచ్చింది. ఆ సందుల ఒకలు దిగి వచ్చి పెట్టె కట్టిపోయిన్రు. గక్కడ ఒక పొరపాటు చేసిన్రు. చెప్పులు ఇడిపిచ్చిన్రు. ఎందుకు ఇడిపిచ్చిన్రు అన్నదే నిన్నంత నా తలకాయల తిరిగింది. తెలివితోని చేసినోడైతె చెప్పులు పైకి తెచ్చి స్టాండుల పెట్టేటోడు. లేకపోతె కాళ్లకే ఉంచేటోడు. గోడకు జతగ పెట్టి పోవుడేంది? అది తెలివి కాదు, చేతికి అలవాటు. చెప్పుల కాళ్లున్న మనిషికి ఆ పెట్టె కట్టుటానికి ఆ చేతులకు మనసు రాలే. అర్జున్ రావుకు ఇది సామాను, బూట్లతోని తిరుగుతడు. ఆయనకు నోరు ఎక్కువ, చెయ్యి లేదు. సతీశ్‌కు ఇది వైర్లు, రబ్బరు చెప్పులు ఇడువడు. లోపల తన మనిషి ఉన్నదని నమ్మినోళ్లకే అది గుడి.”

ఎవరూ శశిధర్ రావు వైపు చూడలేదు. చూడకపోవడమే చూసినట్టుంది.

“సార్,” అంది ప్రేమలత. “వనిత ఫోన్ ఏడ పెట్టిన్రు?”

ఆయన ఇంకా నేల మీదే ఉన్నాడు, దివాకర్ బూట్ల పక్కన. “శ్రుతి ఫొటో ఎనక,” అన్నాడు. “కింద. పిల్ల బతుకుతదా అమ్మా?”

“బతుకుతది.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. అర్జున్ రావు “పెద్దబాపూ, ఏం మాట్లాడకు, వకీలును పిలుస్త” అన్నాడు. ఆయన చేయి ఊపి ఆపాడు.

“గా పిల్ల మంచిగనే మాట్లాడింది. పెట్టెల ఉన్నది శ్రుతి కాదు సార్, సతీశ్ రాసిన మాటలు అన్నది. పేపర్ల రాస్త, ఈ సెంటర్ మూస్తరు, మీకు ముందు చెప్పాలెనని వచ్చిన అన్నది. ఫోనుల రికార్డు పెట్టుకున్నది. నేను ఫోను గుంజిన. రాయకు బిడ్డా, నా బిడ్డ మళ్ల సచ్చిపోతది అన్న. ఆమె ఎనకకు జరిగింది. గోడ కాలికి తగిలింది. పట్టుకుందామనే చెయ్యి చాపిన. చేతికి ఫోనొచ్చింది, పిల్ల రాలే.”

దివాకర్ బూటు లేసు సర్దుతూ ఆయనే మళ్లీ అన్నాడు.

“సచ్చిందనుకున్న. ఎవలు తోసిన్రు అని అడుగుతరు. పెట్టెతోని పడ్డదంటె ఎవలు అడగరు. సతీశ్‌ను కోర్టుకు పంపుతరని నిన్న ఇన్న. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంట పోయి ఈ కుర్చీల కూసున్న.”

పోశవ్వ లేచింది. ఎవరూ ఆపలేదు. ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“సారూ, మీ బిడ్డ పెట్టెల ఉండె. నా కొడుకు ఠాణల ఉండె. మీరు దినాం పోయి పెట్టెనే చూస్తిరి. మాది గూడ పానమే అని మీకు ఒక్కతాప గూడ కనవడకపాయె.”

శశిధర్ రావు తల ఎత్తాడు. జవాబు ఆమెకు చెప్పాడో, గోడకు చెప్పాడో.

“మా శ్రుతి సెలవులకచ్చి గడప తొక్కితె మొదటి మాట, ‘బాపూ, తిన్నవా’. సంచి కింద పెట్టకముందే అడుగుతుండె. పెట్టెలకచ్చినకాన్నుంచి బాగున్న అంటది, రంది పెట్టుకోకు అంటది. తిన్నవా అని ఒక్కనాడు అడగలే. నేను అదే చూసుకోలే.” ఆయన జారిన గడియారాన్ని సర్దుకున్నాడు. “మొన్న గా విలేకరి పిల్ల మెట్లెక్కి వచ్చి, నన్ను చూసి మొదలు అడిగింది గదే. ‘సార్, తిన్నరా’ అని.”

సతీశ్ గోడ వైపు తిరిగాడు. మాటలు రాసింది అతనే. ‘తిన్నవా’ అని రాయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాడు కుర్చీలో కూర్చుని, వచ్చిందే చాలనుకున్నాడు.

ఎస్సై సతీశ్‌ను వదిలేసి, శశిధర్ రావును చెయ్యి పట్టి లేపాడు. గట్టిగా కాదు, మెట్ల మీద పెద్దవాళ్లను పట్టుకున్నట్టు. గుమ్మం దగ్గర ఆయన స్టాండులోని తన చెప్పులు తొడుక్కున్నాడు. అర్జున్ రావు గది మధ్యలో ఒక్కడే మిగిలాడు. కిందికి చూస్తే తన బూట్లు, గోడవారగా దివాకర్ విడిచిన బూట్లు.

కింద జీపు ఇంజను నడుస్తోంది. జనం పోగయ్యారు. పోశవ్వ కొడుకు భుజం తడిమి, వీపు తడిమి, ఎక్కడా దెబ్బ లేదని చేతులకు తెలిశాక, చంకలోని డబ్బాను చూసుకుంది. జీపు వెనక సీట్లో శశిధర్ రావు ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మణికట్టు దగ్గర గడియారం వదులుగా వేలాడుతోంది.

“ఇటు తే అవ్వా, ఆకలైతుంది,” అన్నాడు సతీశ్.

“నువ్వు ఇంట్ల తింటవు తియ్యి,” అంది పోశవ్వ. జనాన్ని నెట్టుకుంటూ జీపు దాకా పోయింది. ఆమె ముఖంలో కోపం ఇంకా పోలేదు. మూత తీసి, గుడ్డతో సహా డబ్బాను ఆయన ఒళ్లో పెట్టింది.

“సారూ, పొద్దుగాల ఏమన్న తిన్నరా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“తినుర్రి మల్ల. ఎచ్చగనే ఉన్నది.”

శశిధర్ రావు ఒక ముక్క తుంచాడు. ఎస్సై చూశాడు, డ్రైవర్‌ను ఇంకా పోనీయమనలేదు. ఆయన నమిలి మింగేదాకా జీపు అక్కడే ఆగి ఉంది. మెట్ల దగ్గర ఉత్త కాళ్లతో నిలబడి చూస్తున్న దివాకర్, జేబులో ఫోను తీసి, నాన్న వీడియోల మీద వేలు పెట్టి, తీసేయకుండా, తెరవకుండా మళ్లీ జేబులో వేసుకున్నాడు.